జేబులో రాయి

ఒక ఆదివారం పొద్దున బట్టలు నానబెడుతుంటే మా వాడి నిక్కరు బరువుగా తగిలింది. జేబులో చెయ్యి పెట్టాను. మూడు రాళ్ళు, ఒక సోడా మూత, కొరికేసిన పెన్సిలు ముక్క. మూతా పెన్సిలూ కిటికీలో పెట్టి, రాళ్ళు మాత్రం గోడ అవతలికి గిరాటేశాను. రెండో క్లాసు పిల్లాడి జేబులో రాళ్ళుండటం కూడా ఒక విషయమా అనుకున్నాను.

సాయంత్రం వాడొచ్చి ముందు కిటికీ చూశాడు, తర్వాత నా మొహం చూశాడు. "అందులో తేనెరంగుది ఒకటుంది నాన్నా. లైటుకి అడ్డం పెడితే లోపల గీతలు కనిపిస్తాయి" అన్నాడు. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది. టార్చి వేసుకుని ఇద్దరం గోడ అవతల ఉమ్మెత్త మొక్కల మధ్య అరగంట వెతికాం. రెండు దొరికాయి. తేనెరంగుది దొరకలేదు.

ఆ అరగంట సిగ్గుతోనే నేను రాళ్ళ గురించి కాస్త తెలుసుకోవడం మొదలుపెట్టాను. మీ ఇంట్లోనూ జేబుల్లో రాళ్ళు దాచుకునే పిల్లో పిల్లాడో ఉంటే, ఈ నాలుగు మాటలు మీకోసం.

మొదట ఏం అడగాలి

పిల్లలు వింత రాయి తెచ్చి చేతిలో పెడితే మనం సాధారణంగా మూడింట్లో ఒకటి చేస్తాం. "ఛీ, మట్టి! అవతల పారెయ్" అంటాం. లేకపోతే "వజ్రమేమోరా!" అని వేళాకోళం ఆడతాం. అదీ కాకపోతే ఫోను తీసి ఫొటో కొట్టి, అది చూపించిన పేరు గట్టిగా చదివి పని అయిపోయిందనుకుంటాం.

మొదటిదాని సంగతి చెప్పాను కదా, ఉమ్మెత్త మొక్కల్లో వెతుక్కోవాల్సి వస్తుంది. రెండోదీ అంత మంచిది కాదు. తొలకరి పడగానే కర్నూలు జిల్లా తుగ్గలి, జొన్నగిరి చేలల్లోనూ, అనంతపురం జిల్లా వజ్రకరూరు చుట్టుపక్కలా జనం వజ్రాల కోసం వెతకడం ఏటా పేపర్లో చదువుతూనే ఉంటాం. ఆ నేల సంగతి వేరు, అక్కడ అప్పుడప్పుడు నిజంగానే దొరుకుతాయి. మన ఇసుకగుట్టలో తళుక్కుమనేది మాత్రం దాదాపు ఎప్పుడూ పలుగురాయే. ఖరీదు మాట ముందు ఎత్తితే, ఖరీదు లేదని తేలిన క్షణాన పిల్లల చేతిలోంచి రాయి జారిపోతుంది. ఇక ఫోనుకి కనిపించేవి రంగూ ఆకారమే. ఆ రాయి ఎంత బరువో, ఎంత గట్టిదో దానికి తెలీదు. ఎక్కడ దొరికిందో అసలే తెలీదు.

అందుకే పేరు వెతకబోయే ముందు "ఎక్కడ దొరికింది?" అని అడగండి. మన ప్రాంతంలో సగం జవాబు అందులోనే ఉంటుంది.

డెల్టాలో రాయి చుట్టమే

కోనసీమ వాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు. అమలాపురం వైపు గానీ రాజోలు వైపు గానీ బావి తవ్వినా చెరువు తవ్వినా తగిలేది ఒండ్రు, ఇసుక, గుల్ల. గుల్ల తగిలిందంటే సముద్రం ఒకప్పుడు అక్కడిదాకా ఉండేదన్నమాట. రాయి మాత్రం తగలదు. గోదావరి వేల ఏళ్ళుగా తెచ్చి పోసుకున్న నేల ఇది. ఇంట్లో రోలూ సన్నికల్లూ, గుడి ముందు మెట్టూ, కాలవ మీద వంతెన స్తంభమూ ఎక్కడినుంచో పడవెక్కో బండెక్కో వచ్చినవే. 1847లో కాటన్ దొర ఆనకట్ట పని ధవళేశ్వరంలో మొదలుపెట్టడానికి అక్కడ పక్కనే కొండరాయి ఉండటం ఒక కారణం. రాళ్ళు మోయడానికి అక్కడ పట్టాలు కూడా వేశారు. 1853లో బొంబాయిలో ప్రయాణికుల రైలు కదలకముందు సంగతి అది.

ఇంటికి చుట్టం వస్తే "ఏ ఊరి నుంచి, ఎటు మీదుగా వచ్చారు?" అని అడుగుతాం కదా. మన దగ్గర రాయినీ అలాగే పలకరించాలి. మనవైపు రాళ్ళు వచ్చే దారులు నాలుగున్నాయి.

మొదటిది ఏరు. ఊళ్ళో పిల్లలకి రాళ్ళగని అంటే కొత్త ఇల్లు కడుతున్నచోట పోసిన ఇసుకగుట్టే. మా వాడి తేనెరాయి కూడా అక్కడిదే. మర్నాడు ఇద్దరం వెళ్ళి మేస్త్రిని అడిగితే, జల్లెడ పక్కన పోసిన చిన్న కుప్ప చూపించాడు. "ఆయ్, జల్లెడ మీద మిగిలినయ్యండి. పనికిరావు, కావలిస్తే మొత్తం పట్టుకుపోండి" అన్నాడు. ఆ పనికిరాని కుప్పలో మహారాష్ట్ర సగం ఉంది. గోదావరి నాసిక్ దగ్గర త్ర్యంబకంలో పుట్టి 1465 కిలోమీటర్లు నడిచి మన దగ్గరికి వస్తుంది. పై భాగంలో చాలా దూరం నల్లటి లావా రాయి మీదే ప్రయాణం. ఆ లావా చల్లబడేటప్పుడు లోపల చిక్కుకున్న గాలి బుడగలు గుంటలుగా మిగిలాయి. తర్వాతి కాలంలో ఆ గుంటల్లోకి ఊరిన నీరు సిలికాని పొర మీద పొరగా పేర్చింది. అదే అగేట్. చుట్టూ ఉన్న నల్లరాయి అరిగి మట్టైపోయినా ఇది గట్టిది కాబట్టి మిగిలి, ఏటితోపాటు దొర్లుకుంటూ వస్తుంది. తడిపి, ఫోను టార్చి మీద పెట్టి చూడండి. వెలుతురు లోపలికి దిగి ఉల్లిపొరల్లాంటి గీతలు కనిపిస్తే అగేటే. వెలుతురు చొరకుండా ముదురు ఎరుపులో ఉంటే జాస్పర్. తెల్లగా, పాలగాజులా ఉంటే పలుగు.

రెండోది లారీ. రోడ్డు పక్కనా, పునాదుల దగ్గరా దొరికే పదునంచుల నల్లరాయి చాలావరకు గౌరీపట్నం, పంగిడి వైపు క్వారీలదే. దానిమీద తెల్లటి చుక్కలుంటే పిల్లలు తప్పకుండా తెస్తారు. ఇదీ లావా రాయే. సుమారు 6.6 కోట్ల ఏళ్ళ కిందటిది, రాకాసి బల్లులు అంతరించిన రోజులది. పడమటి కనుమల వైపు పొంగిన లావా ఆనాటి ఏటి లోయల వెంట సుమారు వెయ్యి కిలోమీటర్లు ప్రవహించి ఇక్కడిదాకా వచ్చిందని 2008లో శాస్త్రవేత్తలు రాశారు. అదే నిజమైతే భూమ్మీద అతి పొడవైన లావా ప్రవాహాల్లో ఒకటి వచ్చి ఆగింది మన కొవ్వూరు, రాజమండ్రి దగ్గరే. ఇంకో తమాషా ఏమిటంటే, ఒక లావా పొరకీ ఇంకో పొరకీ మధ్య సున్నపురాయి పొర ఉంది. అందులో గవ్వలున్నాయి. ఒక లావా చల్లారాక, ఇంకోటి వచ్చేలోపు ఇక్కడికి సముద్రపు పోటు వచ్చి పోయేదన్నమాట. అన్నిటికంటే కింద, దుద్దుకూరు దగ్గర లావా అడుగున ఉన్న పొరలో మరమేకులా మెలి తిరిగిన గవ్వలు కూడా దొరికాయి. నాగపూర్‌లో ఉండే స్టీఫెన్ హిస్లాప్ అనే మిషనరీ 1860లోనే మన రాజమండ్రి గవ్వల గురించి లండన్ పత్రికలో రాశాడు. అమెరికాలోని ప్రిన్‌స్టన్ విశ్వవిద్యాలయం నుంచి గెర్టా కెల్లర్ బృందం వచ్చి ఈ క్వారీలు పరీక్షించింది, రాకాసి బల్లుల అంతానికీ ఈ లావాకీ సంబంధం ఏమిటో తేల్చడానికి. ఈ నల్లరాయే డెల్టా కింద వేల అడుగుల లోతుకి దిగిపోయింది. చమురు బావులు తవ్వినవాళ్ళు అక్కడ దానికి పెట్టిన పేరు రాజోలు ఫార్మేషన్. రాజోలు పిల్లలకి ఈ ముక్క చెప్పి చూడండి, కాళ్ళ కింద నేల వంక ఒకసారి చూసుకుంటారు.

మూడోది మెట్ట. రాజమండ్రి చుట్టుపక్కల ఎర్రమట్టి గట్ల మీద దొరికే గరుకు ఎర్రరాయి ఇసుక గట్టిపడి అయినది. భూగర్భ శాస్త్రంలో దాని పేరే రాజమండ్రి ఇసుకరాయి. ఆ పొరల్లో రాయిగా మారిన చెట్టు ముక్కలు కూడా దొరికాయి. చూడటానికి కట్టెపేడులా నారలుంటాయి, చేతికి తీసుకుంటే రాయి బరువు. పాపికొండల వైపు వెళ్తే తూర్పు కనుమల రాళ్ళు, వాటిలో ఎర్రటి గింజల్లా పొదిగిన గార్నెట్లు కనిపిస్తాయి.

నాలుగోది సముద్రం. అంతర్వేదిలోనో ఓడలరేవులోనో ఇసుక మీద నల్లటి చారలు కనిపిస్తే గుప్పెడు తెచ్చుకోండి. అయస్కాంతానికి ప్లాస్టిక్ కవరు తొడిగి ఆ ఇసుకలో తిప్పితే నల్లగింజలు కొన్ని ఎగిరి అతుక్కుంటాయి. మిగిలినదాంట్లో గులాబి రంగు గింజలుంటే అవి గార్నెట్లు, కొండల్లోంచి అరిగి వచ్చినవి. ఉప్పాడ ఒడ్డున ఉన్న పెద్ద పెద్ద బండలు మాత్రం సముద్రం తెచ్చినవి కావు. కోత ఆపడానికి మనం తోలించినవి. పిల్లలు అడిగితే ఆ తేడా చెప్పండి.

వంటింట్లో పరీక్షలు

రాయిని ముందు కడగాలి. దుమ్ము పట్టిన రాయి దేనిలాగైనా కనిపిస్తుంది. ఆ తర్వాత పరీక్షలకి ఇంట్లో ఉన్న సామాను చాలు.

*గీత.* ముందు గోరుతో, తర్వాత మేకుతో గీయమనండి. గీత పడిందనిపిస్తే తడివేలితో తుడవాలి. చెరిగిపోతే అది మేకు తాలూకు ఇనుము రాసుకున్న మరక. చెరగకపోతే రాయి మెత్తదే. గోటికే గీత పడేది సుద్దో బలపపు రాయో అయ్యుంటుంది. మేకుకి లొంగేది సున్నపురాయి కావచ్చు. మేకుకి లొంగకుండా, పాత గాజుసీసా మీద తానే గీత పెట్టేది పలుగు జాతి. ఇలా ఒకదానితో ఒకటి గీసి పదంచెల కొలబద్ద తయారుచేసినవాడు మోస్ అనే జర్మన్, 1812లో. ఇప్పటికీ ప్రపంచమంతా అదే వాడుతున్నారు.

*పుల్ల నీళ్ళు.* రాయి మీద ఒక చుక్క వెనిగరు వేసి చెవి దగ్గర పెట్టుకోండి. సున్నపురాయైతే, గవ్వ అయితే సన్నగా నురగ వస్తుంది, చిటపట వినిపిస్తుంది. దీనికోసం బాత్రూం కడిగే యాసిడ్ జోలికి మాత్రం పోనివ్వకండి.

*బరువు.* ఇది హైస్కూలు పిల్లలకి. వంటింటి డిజిటల్ త్రాసు మీద రాయిని తూచండి. తర్వాత త్రాసు మీద నీళ్ళ గ్లాసు పెట్టి అంకెని సున్నా చేయండి. రాయిని దారంతో కట్టి, అడుగుకీ అంచుకీ తగలకుండా నీళ్ళలో వేలాడదీయండి. ఇప్పుడు కనిపించే అంకెతో మొదటి బరువుని భాగించండి. మేం తూచిన గులకరాయి 132 గ్రాములు, నీళ్ళలో వేలాడదీస్తే త్రాసు 50 చూపించింది. భాగిస్తే 2.64. పలుగురాయి అంకె 2.65. లెక్కలంటే ముఖం ముడిచే మావాడు ఆ రోజు ఇంట్లో ఉన్న రాళ్ళన్నీ తూచి, ఆఖరికి రోకలి బండ కూడా అడిగాడు.

*అయస్కాంతం.* దారానికి కట్టి రాయి పక్కన వేలాడదీస్తే చిన్న లాగుడు కూడా తెలుస్తుంది. అయితే లాగిందల్లా ఉల్క కాదు. మన లావా రాయిలో కూడా సన్నటి ఇనుప ఖనిజం ఉంటుంది, అదీ కొద్దిగా లాగుతుంది.

ఉల్క అనుకున్నవి, శిలాజం అనుకున్నవి

బరువైన నల్లరాయి దొరికితే ప్రతి పిల్లాడూ ఉల్క అంటాడు. తొందరపడి కొట్టిపారేయకండి, తొందరపడి నమ్మకండి కూడా. ఉల్క పైన మంటలో కాలిన పలచటి నల్లపొర ఉంటుంది. లోపల బుడగలు ఉండవు. బుడగలుంటే అది లావా రాయో, ఇనుము కరిగించినప్పుడు మిగిలిన చిట్టెమో అయ్యుంటుంది. మన రాష్ట్రంలో ఉల్కలు పడకపోలేదు. 1814లో గుర్రంకొండలో, 1852లో నెల్లూరు దగ్గర పడ్డవి ప్రపంచ ఉల్కల జాబితాలో ఉన్నాయి, ఆ ఊళ్ళ పేర్లతోనే. ఎక్కడ పడితే ఆ ఊరే ఉల్కకి ఇంటిపేరు. నిజంగా అనుమానం ఉంటే జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకి చూపించాలి. దేశంలో ఉల్కల బాధ్యత ఆ సంస్థదే.

శిలాజం కోసం మాత్రం దూరం పోనక్కర్లేదు. పూజగదిలో సాలగ్రామం ఉంటే ఒకసారి పిల్లలకి చూపించండి. లోపల చక్రంలా చుట్టుకున్నది కోట్ల ఏళ్ళ కిందట సముద్రంలో తిరిగిన ఒక జీవి గుల్ల ముద్ర. ఇప్పుడది నేపాల్‌లో హిమాలయాల మధ్య గండకీ నదిలో దొరుకుతుంది. ఆ మాట చెప్పినందువల్ల భక్తికి లోటేమీ రాదు. మా అమ్మైతే అది విన్న దగ్గర్నుంచి ఇంకాస్త జాగ్రత్తగా తుడుస్తోంది. వేసవి సెలవుల్లో హైదరాబాదు వెళ్తే బిర్లా సైన్స్ మ్యూజియంలో కోటాసారస్ అస్థిపంజరం చూపించండి. దాని ఎముకలు తెలంగాణలో యామనపల్లి దగ్గర, మన గోదావరి లోయలోనే దొరికాయి.

ఎక్కడిదని అడిగితే ఎంత దూరం వెళ్ళొచ్చో చెప్పే కథ ఒకటుంది. కలకత్తా కూడా మనలాగే డెల్టా ఊరు, అక్కడా రాయి పుట్టదు. జాబ్ చార్నాక్ అనే ఇంగ్లీషు వర్తకుడి సమాధి మీద పరిచిన నల్లటి రాయి థామస్ హాలండ్ అనే శాస్త్రవేత్త కంట్లో పడింది. సరిగ్గా అలాంటి రాయే మద్రాసు దగ్గర పల్లావరం కొండల్లో ఉంది. 1893లో దానికి చార్నోకైట్ అని పేరు పెట్టాడు. మన తూర్పు కనుమల్లో విరివిగా ఉండే రాయి అది. సమాధి మీది రాయిని చూసి చదువుకున్నవాళ్ళున్నప్పుడు, ఇసుకగుట్టలో రాయిని చూస్తే తప్పేముంది?

కొన్ని కట్టుబాట్లు

క్వారీలోకి పిల్లల్ని ఒంటరిగా పంపొద్దు, మీరు వెంట ఉన్నా నీళ్ళు నిలిచిన గుంట దగ్గరికి వెళ్ళొద్దు. ఆ గుంటలకి మెట్లూ ఉండవు, లోతూ తెలీదు. రైలు పట్టాల కంకర ఎంత ముద్దొచ్చినా ముట్టుకోకూడదు. పగిలిన సిమెంటు రేకు ముక్కలు రాళ్ళలా కనిపిస్తాయి. వాటిని కొట్టడం, నూరడం వద్దు, ఆ దుమ్ము ఊపిరితిత్తులకి చేటు. రాయి పగలగొట్టాలంటే గుడ్డలో చుట్టి, కళ్ళద్దాలు పెట్టుకుని పెద్దవాళ్ళే కొట్టాలి.

గుడి దగ్గరి రాయి, గట్టు మీద పసుపు రాసిన రాయి, చెక్కినట్టో తొలిచినట్టో ఉన్న రాయి ఇంటికి తేకూడదు. గుంటుపల్లి, ఆదుర్రు లాంటి బౌద్ధ క్షేత్రాలున్న ప్రాంతం మనది. అలాంటిది కనిపిస్తే ఫొటో తీసి, ఉన్నచోటే ఉంచి, పురావస్తు శాఖకో తహసీల్దారుకో చెప్పడం పిల్లలకి నేర్పాలి. ఒకచోట పది రాళ్ళుంటే ఒకటి తెచ్చుకుంటే చాలన్నది మా ఇంటి నియమం.

పూతరేకుల పెట్టె

దాచుకోవడానికి ఆత్రేయపురం పూతరేకుల పెట్టె మించింది లేదు. అట్టముక్కలతో గళ్ళు చేసి, ఒక్కో గడిలో ఒక్కో రాయి, పక్కన చిన్న చీటీ. చీటీలో మొదట ఊరు, తర్వాత తేదీ, ఎవరికి దొరికింది. పేరు అన్నిటికంటే చివర, పెన్సిల్‌తో. తప్పైతే చెరుపుకోవడానికి. ఊరు రాయని రాయి ఎంత అందంగా ఉన్నా శాస్త్రానికి పెద్దగా ఉపయోగపడదు. ఊరు రాసిన రాయికి పేరు తర్వాతైనా దొరుకుతుంది. మీకు పేరు తెలియకపోతే "నాకూ తెలీదు" అనండి. చాలామంది పిల్లలు ఆ మాట మన నోట ఎప్పుడూ విని ఉండరు. భూగర్భ శాస్త్రం చెప్పే కాలేజీ దగ్గర్లో ఉంటే, పెట్టె పట్టుకుని వెళ్ళండి. ఫోనులో ఫొటో పంపడం కంటే రాయిని చేతికివ్వడం నయం.

మా పెట్టెలో ఒక రాయి నాలుగేళ్ళు పేరు లేకుండా ఉంది. మెట్టలో మా అత్తగారి ఊళ్ళో, జీడిమామిడి తోట గట్టు మీద దొరికింది. నల్లగా, బరువుగా, ఒక పక్క గాజులా నున్నగా, అయస్కాంతాన్ని లాగుతూ. వాడి మనసులో అది ఉల్కే. మేకుతో గీశాం, తూచాం, ఎటూ తేలలేదు. చివరికి వాడు ఆరో క్లాసులో ఉండగా ఒక కాలేజీ మాస్టారికి చూపించాం. ఆయన లెన్సు పెట్టి, పగిలిన వైపు తిప్పి, లోపలి బుడగలు చూపించి, "చిట్టెం బాబూ, ఇనుము కరిగించిన చిట్టెం" అన్నారు.

వాడు నిరాశపడతాడని నేను ముందే ఓదార్పు మాటలు సిద్ధం చేసుకున్నాను. బండి మీద వెనక కూర్చుని కాసేపు మాట్లాడలేదు. కోటిపల్లి బస్టాండు దాటాక నా భుజం తట్టాడు.

"నాన్నా, మరి అమ్మమ్మ వాళ్ళ తోటలో ఇనుము ఎవరు కరిగించారు?"

నాకు తెలీదన్నాను. వచ్చే సంక్రాంతికి అమ్మమ్మని అడుగుదామన్నాడు.